యాదగిరి అంకుల్ మీద పడ్డ నింద

మొన్న ఆఫీసులో ఏళ్ల తరబడి మూలన పడున్న కంప్యూటర్‌ని ఎవరో ఆన్ చేస్తే, లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి గదంతా ఒక కమురు వాసన పరుచుకుంది. నేను పనొదిలేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నాకు పన్నెండేళ్లప్పుడు, మారేడ్‌పల్లి ఇంటి ముందుగదిలో, మా కంప్యూటర్ ఇలాగే వాసనొచ్చేది.

అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. నాన్న ఉద్యోగం కాజీపేటలో, వారానికోసారి వచ్చేవారు. అమ్మ స్కూల్లో తెలుగు టీచరు. గుంటూరు దగ్గర పల్లెలో వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, చర్చిలో పాడటానికి కట్టిన కీర్తనల నోటుపుస్తకాలు చెదలు పట్టి, పేజీ తిప్పితే పొడి రాలుతుంటే, మిగిలినవైనా దక్కించుకోవాలని కంప్యూటర్ కొనిపించింది. క్రిస్మస్ ముందు రోజుల్లో వంటింట్లో గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచి తీస్తూనే, చేతులు తుడుచుకుని వచ్చి రెండు చరణాలు టైపు చేసి, వాటిని సన్నగా పాడుకుంటూ మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లేది. నన్ను మాత్రం దాన్ని ముట్టుకోవద్దంది.

నేను స్కూలు నుంచి మూడున్నరకే వచ్చేదాన్ని. అమ్మ బస్సు దిగి వచ్చేసరికి ఐదయ్యేది. ఆ గంటన్నరా, స్నేహితురాలిచ్చిన సీడీలోని కార్ల పందెం ఆడేదాన్ని. గేటు గొళ్లెం చప్పుడవగానే గోడ మీది స్విచ్ టక్కున ఆపేసి, మానిటర్ వేడి తెలియకుండా తడిగుడ్డతో తుడిచి, సోఫాలో సోషల్ పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. నెల తిరక్కుండానే అమ్మ టైపు చేస్తుంటే తెర నీలంగా మారి, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఆగిపోవడం మొదలైంది. మొదట వారానికోసారి, తర్వాత పూటకోసారి.

రెజిమెంటల్ బజార్‌లో చిన్న రిపేరు షాపున్న యాదగిరి అంకుల్ వచ్చేవాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, డబ్బా పక్కకి పడుకోబెట్టి, బ్రష్‌తో దుమ్ము దులిపి, మెమరీ కార్డు తీసి దాని పసుపు పళ్లని స్కూలు రబ్బరుతో రుద్ది పెట్టేవాడు. ఫ్యాన్ మార్చాడు, విండోస్ మళ్లీ ఎక్కించాడు. రెండ్రోజులు బాగుండేది, మళ్లీ అంతే. నాలుగోసారి వచ్చినప్పుడు అమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించి అడిగాడు.

"పాపా, నువ్వేమన్న స్విచ్ డైరెక్ట్ బందు జేస్తున్నవా?"

"లేదంకుల్."

"గట్ల జేస్తే డిస్కు ఖరాబైతది బిడ్డా. అందుకే అడిగిన. అమ్మకు జెప్పన్లే."

అంత మెత్తగా అడిగినా నేను నిజం చెప్పలేదు. ఆట కూడా మానలేదు.

వానాకాలంలో ఒకరోజు కంప్యూటర్ అసలు లేవలేదు. లోపల డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుంది. ఏడాది పాటు టైపు చేసిన కీర్తనలన్నీ పోయాయి. నోటుపుస్తకాల్లో అప్పటికి చదవడానికి వీలైనవి పదో పన్నెండో.

అమ్మ ఏడవలేదు. యాదగిరి అంకుల్‌ని పిలిపించి నిలబెట్టి, "మీరు చెయ్యి పెట్టాకే ఇది ఎక్కువైంది. మంచి డిస్కు తీసేసుకుని పాతది బిగించారేమో, ఎవరికి తెలుసు?" అంది.

"టీచరమ్మా, నేను గసుంటోన్ని కాదు," అన్నాడాయన. తర్వాత నావైపు చూశాడు. కోపంగా కాదు, నేనేమైనా అంటానేమోనన్నట్టు. నేను కాలి బొటనవేలితో చాప అంచు మడుస్తూ నిలబడ్డాను. "సరేనమ్మా, మీ ఇష్టం," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సంగతి అమ్మ స్టాఫ్‌రూమ్‌లో చెప్పింది, చర్చిలో చెప్పింది. ఆ చర్చి కుటుంబాలే ఆయన్ని ఎక్కువగా పిలిచేవి. ఒక్కొక్కరే మానేశారు.

డిగ్రీ చదివేటప్పుడు ఒక సాయంత్రం అమ్మ మాటల్లో, "ఆ యాదగిరి అలా చెయ్యకపోతే మా నాన్న పాటలు మిగిలేవి," అంది. ఇంక మోయలేక అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, "పద," అంది. ఇద్దరం రెజిమెంటల్ బజార్ వెళ్లాం. ఆ షాపులో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పక్కన వాచీలు బాగుచేసే పెద్దాయన, "యాదగిరా? గిరాకీ లేక తక్లీఫ్ అయింది పాపం. మౌలాలి దిక్కు పోయిండు," అన్నాడు. మూడు ఆదివారాలు మౌలాలి సందుల్లో అడిగాం. అందరూ ఎరగమన్నారు.

నాలుగో ఆదివారం చర్చిలో ఎవరి అనుభవాలు వాళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అమ్మ లేచి నిలబడింది. "ఏ తప్పూ చెయ్యని మనిషి మీద నేను నింద వేశాను. ఆయన పేరు యాదగిరి. మీ అందరికీ ఆయన దొంగని చెప్పింది నేనే," అంది. నా పేరు ఎత్తలేదు. పక్కనే ఉన్నాను. లేచి, కాదు, నా వల్లేనని చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. లేవలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, నాలుగంతస్తులు లేచాయి. చర్చికి వచ్చేవాళ్లలో సగం కొత్తవాళ్లు, యాదగిరి ఎవరని అడిగితే తెలియదంటారు. అమ్మ పోయి మూడేళ్లు. ఆ రోజు అమ్మ చెప్పిన సాక్ష్యం విన్నవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లకి నేనింకా ఏమీ చెప్పలేదు.