గట్టు మీద చెప్పులు

చెప్పుల పిన్నికి అసలు పేరు లేక కాదు, అడిగేవాళ్ళు లేక అది మరుగున పడిపోయింది. సముద్రం ఒడ్డు లాడ్జిలో ఆమె ఏళ్ళ తరబడి దుప్పట్లు ఉతికింది. సెలవులకొచ్చే కుటుంబాల బాగోతమంతా ఆ దుప్పట్లే ఆమెకు చెప్పేవి. మొదటి రోజు పెద్ద బీచ్‌కి ఎగురుకుంటూ పోతారు. రెండో రోజుకి ముఖాలు మాడ్చుకుని, ఒంటినిండా ఇసుకతో వరండాలో చతికిలబడతారు. అక్కడ ఇసుక కన్నా జనమే ఎక్కువ మరి. ఒకసారి అలాంటివాళ్ళను చూసి జాలిపడి, పనయ్యాక తనకు తెలిసిన చోట్లు తిప్పి చూపించింది. పాత పడవలు విప్పే రేవు, ఉప్పు మళ్ళ మధ్య కాలిబాట, సగం కూలిన లైట్‌హౌస్. వాళ్ళు ఇంకొకళ్ళకు చెప్పారు, ఆ నోటా ఈ నోటా పాకింది. దుప్పట్ల పీడ వదిలి, చోట్లు తిప్పి చూపించడమే ఆమె పనైంది.

అందరూ మోజుపడేది లైట్‌హౌస్ మీదే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అక్కడిదాకా తడి ఇసుక బయటపడుతుంది, నడిచి వెళ్ళిరావచ్చు. పోటు మొదలైందా, నీళ్ళు ఎదురుగా రావు. చడీచప్పుడు లేకుండా పక్కల నుంచి వచ్చి చుట్టేస్తాయి. మనం అటు తిరిగి ఫొటో దిగుతుంటే ఇటు దారి మాయమైపోతుంది.

చెప్పుల పేరు వెనక ఒక తాతగారున్నాడు. పిన్ని ఈ పనికి కొత్త. ఒక పెద్ద కుటుంబం వచ్చింది, అక్కలూ బావలూ పిల్లలూ, ఒకటే కాకిగోల. తిరిగొచ్చాక తాత అన్నయ్యతో ఉన్నాడని తమ్ముడూ, తమ్ముడితో ఉన్నాడని అన్నయ్యా నిశ్చింతగా కూర్చున్నారు. తాతగారేమో లైట్‌హౌస్ వెనక చల్లగాలికి కునుకు తీస్తున్నాడు. ఒడ్డున రాతిగట్టు మీద విడిచిన ఆయన చెప్పుల జత మిగిలిపోవడం పిన్ని చూడబట్టి సరిపోయింది. నడుము లోతు నీళ్ళలో పోయి లాక్కొచ్చింది. ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఆ గట్టును తానే శుభ్రంగా ఊడుస్తుంది. ప్రతివాళ్ళూ చెప్పులు అక్కడ విడిచి ఇసుకలో దిగాలి. వచ్చినవాళ్ళు ఎవరివి వాళ్ళు తొడుక్కోవాలి. జత మిగిలిందంటే మనిషి మిగిలినట్టే. మనుషుల్ని లెక్కపెట్టొచ్చు కదా అని అడిగితే, మీ పిల్లలు ఒకచోట నిలబడితే లెక్కపెడతాను, చెప్పులైతే బుద్ధిగా ఉంటాయి అనేది.

ఆ మధ్యాహ్నం వచ్చిన కుటుంబం మాత్రం చెప్పుల కన్నా బుద్ధిగా ఉంది. కాలేజీ లెక్చరరు, ఆయన భార్య, వాళ్ళ కూతురు, లెక్చరరుగారి తల్లి. పదేళ్ళ పిల్ల గంతులేయకుండా నాయనమ్మ వేలు పట్టుకుని నిలబడటం పిన్నికి ఎబ్బెట్టుగా తోచింది. సెలవులకొచ్చారా, ఎవరినైనా పరామర్శించడానికొచ్చారా అనుకుంది మనసులో. పిన్ని చెప్పేది పిల్ల తల్లి ఒక్కర్తే చెవులు రిక్కించి విన్నది. పెద్ద సంచీ ఒళ్ళో పెట్టుకుని గట్టు చివర కూర్చుని, చెప్పుల సంగతి మళ్ళీ మళ్ళీ అడిగింది.

"జత మిగిలితే మీరు నిజంగా వెనక్కి వెళ్తారా? నీళ్ళొచ్చేసినా?"

"వెళ్తానమ్మా. నా పనే అది," అంది పిన్ని. పెద్దరికం కొద్దీ కాస్త గొప్పగానే అంది.

లైట్‌హౌస్ దగ్గర కూడా వాళ్ళు ఫొటోలు దిగలేదు. లోపల గోడలకు నాచు పట్టి ఉంటుంది, మెట్లు సగంలో ఆగిపోతాయి, మాట అంటే కాస్త ఆలస్యంగా పైనుంచి తిరిగొస్తుంది. పిల్లలకు ఎంతో సరదా. ఈ పిల్ల నోరు విప్పలేదు. ముసలావిడ, చూసింది చాలు పోదాం పదండంటూ కొడుకు చెయ్యి పట్టుకుంది.

ఒడ్డుకొచ్చి అందరూ చెప్పులు తొడుక్కున్నారు. గట్టు చివర ఒక చిన్న జత మిగిలింది.

నీలం రంగువి, మగపిల్లాడివి. ఆరేడేళ్ళ వాడికి సరిపోతాయి. పిన్ని వాటికేసి వేలు చూపింది. ఇవెవరివి అని అడిగింది. మావి కావన్నాడు లెక్చరరు, చూసి మరీ చెప్పాడు. ముసలావిడా అడ్డంగా తలూపింది. ఎవరో ఎప్పుడో వదిలేసి ఉంటారని ఆయన సర్దిచెప్పబోయాడు. గట్టు ఊడ్చింది తాను, అప్పుడవి అక్కడ లేవు. ఎవరి పిల్లాడో సరదాపడి వీళ్ళ చెప్పుల పక్కనే తనవీ విడిచి, చాటుచాటుగా వెంటపడి వచ్చి ఉంటాడు. ఇంకేముంటుంది? అప్పటికే కుడివైపు ఇసుక మీద నీళ్ళు మెరుస్తున్నాయి.

లెక్చరరు వద్దంటున్నా వినకుండా చీర ఎగదోపుకుని దిగింది. తాతగారి నాటి మోకాళ్ళా అవి? ప్రతి అడుగుకీ మొరాయించాయి. సగం దారిలో నీళ్ళు పిక్కలు దాటాయి, లైట్‌హౌస్ చేరేసరికి తొడల దాకా వచ్చాయి. పేరు తెలియదు కనక బాబూ, నాన్నా, కన్నా అని నోటికొచ్చినట్టల్లా పిలిచింది. చుట్టూ వెతికింది. లోపలికెళ్ళి మెట్ల మీద చూసింది. నాన్నా అన్న పిలుపు పైనుంచి ఆలస్యంగా తిరిగొచ్చింది. తాను పిలవడం మానేశాక కూడా ఒకసారి వచ్చింది. సన్నగా ఉంది ఆ గొంతు. పిన్ని తనకు తాను కూడా అబద్ధం చెప్పుకునే మనిషి కాదు, ఆ గొంతు తనది కాదని ఆమెకు తెలిసిపోయింది.

మెట్ల మీద ఎవరూ లేరు. ఇక అక్కడ నిలబడితే తన చెప్పులు కూడా గట్టు మీదే ఉండిపోతాయి. వెనక్కి తిరిగింది.

నీళ్ళు దాటి ఒడ్డు పక్క ఇసుక మీద కొంచెం దూరం నడిచాక ఒక్కసారి వెనక్కి చూసింది. తన అడుగుల గుర్తులు కనిపించాయి. వాటి పక్కనే, ఎడమచేతి వైపు, చిన్న అడుగులు. నీళ్ళలోంచి మొదలై ఆమె నిలబడ్డ చోటు దాకా వచ్చాయి. లెక్చరరు కూతురి పాదాల కన్నా చిన్నవి. పిన్ని మళ్ళీ వెనక్కి చూడలేదు. ఎడమచెయ్యి మాత్రం ఎందుకో కొంచెం దూరంగా, కిందికి చాచి ఉంచి నడిచింది. భయం వేసి తీసేద్దామనుకుంది, మనసొప్పలేదు.

గట్టు దగ్గర పిల్ల తల్లి ఆ చెప్పుల పక్కనే కూర్చుని ఉంది. పిన్ని అప్పుడు చూసింది, వాటి అడుగున అరుగుదల లేదు. అంగడిలో జతను కలిపి కట్టిన దారం ముక్క ఇంకా వేలాడుతోంది.

"మా వాడివే," అందామె. "కొత్తవి కొన్నాను. ఈపాటికి పాదం పెరిగి ఉంటుందని కొంచెం పెద్దవి తీసుకున్నాను."

లెక్చరరు నిలువునా నీరైపోయాడు. పోయినేడు సెలవుల్లో, పెద్ద బీచ్‌లో, అని మాత్రం అనగలిగాడు. ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. శవం కూడా దొరకలేదని ఆవిడే తర్వాత చెప్పింది.

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. లేని పిల్లాడి కోసం తనను నీళ్ళపాలు చెయ్యబోయిందా ఈ మహాతల్లి? ఎందుకు చేశావమ్మా ఈ పని అని గట్టిగానే నిలదీసింది.

"చీకటి పడేదాకా వెతికారు పిన్నీ. ఇంక లాభం లేదు, ఇంటికెళ్ళండన్నారు. మేం వెళ్ళిపోయాం. మీరైతే జత మిగిలితే వెనక్కి వెళ్తానన్నారు." ఆమె ఏడవడం లేదు. తడిసిన పిన్ని చీరనూ, ఆవిడ వెనకాల ఇసుకనూ చూసింది. "వచ్చాడా?"

పిన్ని కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. లెక్చరరు వద్దన్నట్టు చూశాడు. చూస్తే చూశాడు.

"వచ్చాడమ్మా," అంది. "నా పక్కనే నడిచొచ్చాడు."

తల్లి ఆ మాటకు ఉలిక్కిపడలేదు. దారం కొరికి తెంపింది. చెప్పుల్ని గట్టు మీంచి దించి, ముందువైపు రోడ్డుకు తిప్పి నేల మీద పెట్టింది. చిన్నపిల్లాడు పాదాలు దూర్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ పక్కన వంగి కూర్చుంది. నాయనమ్మ వేలు వదిలేసి కూతురొచ్చి తల్లి భుజం మీద చెయ్యేసింది. తర్వాత తల్లి చెప్పుల్ని చేతిలోకి తీసుకుని కారు వైపు నడిచింది. మిగతావాళ్ళు వెనకే వెళ్ళారు.

పోటు ఇసుకనంతా కప్పేసింది, అడుగుల గుర్తులు చెరిగిపోయాయి. పిన్ని తన చెప్పులు తొడుక్కుని, రోజూ చేసినట్టే గట్టును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసుకుంది. ఒక్క జత కూడా మిగల్లేదు.