ఎడమకు ఒరిగే లారీ

మా మామ గోపాలప్ప లెక్కలో నేను గుత్తి దగ్గరి హోటలమ్మను. ఇరవై రెండేళ్లు ఈ ఇంట్లో కోడలిగా చాకిరీ చేసి, బాగేపల్లి బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పి, చివరికి నేను సంపాదించుకున్న హోదా అది. పొద్దున ఇడ్లీ పెడితే, "మీ హోటల్లో చట్నీ మాత్రం మారలేదమ్మా. అప్పుడెట్లుండెనో ఇప్పుడూ అట్లే ఉండాది" అంటాడు. మెచ్చుకున్నాడో దెప్పాడో ఇప్పటికీ తేలలేదు.

మా ఆయన అంబరీష్ సంగతి ఇంకా అన్యాయం. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేస్తాడు, చేతులకు ఎప్పుడూ గ్రీజు మరకలుంటాయి. వాటిని చూసి మామ కన్నకొడుకును 'మేస్త్రీ' అని పిలవడం మొదలుపెట్టాడు. నాలుగేళ్ల నుంచి మామకు మతిమరుపు. కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి చివరిదాకా ఉంటాయని డాక్టరు చెప్పాడు. హోటలమ్మ అని పిలిస్తే నాకు నవ్వొచ్చేది. మేస్త్రీ అని పిలిస్తే మా ఆయనకు రాలేదు. పలికేవాడు, పలికి కాసేపు పెరట్లోకి పోయేవాడు.

మామది బాగేపల్లి దగ్గరి చాకవేలు. పదహారేళ్లకు క్లీనరు, ఇరవై రెండేళ్లకు డ్రైవరు. ముప్పై ఐదేళ్లు ఒకే లారీ. చింతామణి మండీలో టమోటా ఎత్తుకుంటే, గుత్తి దగ్గరి హోటల్లో టిఫిను చేసి, నాగపూర్‌లో దింపడం. ఓనర్లు ఇద్దరు మారారు గానీ డ్రైవరు మారలేదు. ఆఖరికి ఆ లారీ తుక్కు కింద పోయిన రోజు, ఇంట్లో మనిషి పోయినట్టు రెండు పూటలు అన్నం ముట్టలేదు. నాకు కోపమొచ్చి, "ఇనుముకు ఇంత ఏడుపేంది మామా" అనేశాను. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా అత్త జయలక్ష్మమ్మను నేను చూడలేదు. అంబరీష్‌కు ఎనిమిదేళ్లప్పుడే పోయింది. ఆడబిడ్డ నయన అప్పటికి చంటిపిల్ల, చింతామణిలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. కొడుకును మాత్రం బడికి సెలవులొస్తే మామ లారీలో వెంట తీసుకుపోయేవాడట. అంతకు మించి ఆ రోజుల ముచ్చట మా ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అడిగితే మాట మార్చేస్తాడు.

పోయిన ఏడు మామకు ఒక కొత్త పని పట్టుకుంది. తెల్లారగానే ఖాకీ చొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాలేసుకుని, లారీని వెతుక్కుంటూ హైవేకు పోయేవాడు. మా ఇంటికి రెండు వీధుల అవతలే హైదరాబాదు రోడ్డు. మూడుసార్లు టీ అంగడివాళ్లు తెచ్చి దిగబెట్టారు. నాలుగోసారి ఎవరు తెస్తారో, ఏం తెస్తారో అని నా భయం. నయన ఫోన్ చేసి, "గేటుకు బీగం వేసేయన్నా, ఇంకేం దారి ఉండాది?" అంది.

"ముప్పై ఐదేండ్లు రోడ్డు మింద బతికినోడు. ఆయన్ని లోపల పెట్టి బీగం వేసేదా? నా చేత కాదు" అన్నాడు మా ఆయన. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "లారీ కోసమే కదా పోతాండాడు. ఆ లారీనే ఇంటికి తెస్తా" అన్నాడు.

తండ్రికి పోయిన మతి కొడుక్కూ పోయిందనుకున్నాను.

మరుసటి వారం పార్సిల్ వచ్చింది. ఒక చిన్న మోటారు, బ్యాటరీ, చక్రాలు తిప్పే పరికరం, రబ్బరు టైర్లు, చేతిలో పట్టుకునే రిమోటు. మిగతాదంతా తనే చేస్తానన్నాడు. అసలు లారీలో పద్నాలుగో వంతు ఉండాలన్నాడు. లెక్కల టీచర్ని కాబట్టి భాగహారాలన్నీ నా నెత్తిన పడ్డాయి. పాత టమోటా పెట్టెల చెక్కలు అరగదీసి తొట్టి కట్టాడు. నూనె డబ్బా రేకు కత్తిరించి క్యాబిన్ వంచాడు. పార్సిళ్లకు చుట్టే ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, చక్రాల మీద బండి బరువు మోసే కమాన్ కట్టలు చేశాడు. తిట్టుకుంటూనే, చిరిగిన గొడుగు గుడ్డతో నేను టార్పాలిన్ కుట్టాను. రెండు నెలల ఆదివారాలు మా వరండాలో నడవడానికి చోటు లేదు. మేకు గుచ్చుకుని నేను అరిస్తే, "షెడ్డంటే అట్లే ఉంటాది" అనేవాడు.

పూర్తయిన రోజు సాయంత్రం మామను వరండాలో కూర్చోబెట్టి, రిమోటు నొక్కాడు. మూరకు కాస్త ఎక్కువ పొడవున్న ఎర్ర లారీ మెట్టు పక్కనుంచి వచ్చి, గేటుదాకా పోయి, ఒద్దికగా తిరిగి వచ్చి మామ కాళ్ల ముందు ఆగింది. నిజం చెప్పాలంటే నాకే చప్పట్లు కొట్టాలనిపించింది.

మామ వంగి, వేలి కణుపుతో ఒక్కో టైరూ తట్టి చూశాడు. చుట్టూ తిరిగాడు. "బాగా కట్టినావు మేస్త్రీ. ఎవరిదీ బండి?"

"నీదే నాయనా."

"నాదా?" మామ జాలిగా నవ్వాడు. "నాది కాదప్పా. ఇది నిటారుగా ఉండాది. నాది ఎడమకు ఒరుగుతాది."

మా ఆయన ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. నేను మాత్రం, ఒక సంగతైనా తెలిసింది కదా అన్నాను. మరునాడు వెనక ఎడమ కమాన్‌లోంచి ఒక పట్టీ తీసేశాడు. లారీ ఒరిగింది. మామ చూసి, "ఆఁ" అని, మళ్లీ తల అడ్డంగా ఊపాడు. తన లారీ ఎడమ తలుపుకు గొళ్లెం ఉండదట, తాడు కట్టాలట. కట్టాం. హారన్ ఇంత తేటగా మోగదట, గొంతు రాసుకుపోయినట్టుంటుందట. హారన్ పెట్టెకు గుడ్డముక్క అడ్డం పెట్టి బొంగురు చేశాం. లోకంలో అందరూ బండి బాగుచేసుకుంటారు, మేం వారానికొక్కటి చొప్పున చెడగొట్టుకుంటూ వచ్చాం. చెడే కొద్దీ మామ దానికి దగ్గరగా జరిగి కూర్చున్నాడు. అయినా తెల్లారితే ఖాకీ చొక్కా, హైవే. మా ఆయన వెనకాలే పరిగెత్తి పట్టుకొచ్చేవాడు.

ఒక శుక్రవారం మామే అడిగాడు. "పూజ చేయకుండా షెడ్డులోంచి బండి ఎవరన్నా తీస్తారా మేస్త్రీ?"

నిజమే కదా అనుకున్నాం. క్యాబిన్‌కు కుంకుమ బొట్టు పెట్టి, చేమంతి పువ్వు గుచ్చి, హారతిచ్చి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. కొత్త బండి అంటే నిమ్మకాయలు తొక్కించడం పుట్టినప్పటి నుంచీ చూసిందే, ఆలోచించేదేముంది? మా ఆయన రిమోటు నొక్కాడు. లారీ నిమ్మకాయల మీదికి ఎక్కింది, తొక్కలేదు. అసలే ఎడమకు ఒరిగిన బండి. గిరుక్కున పక్కకు దొర్లి బోల్తా పడింది. అద్దం విరిగింది, తొట్టి చెక్క పగిలింది.

"బోల్తా పడె!" అని మామ నుదురు కొట్టుకున్నాడు. "క్లీనరు యాడ సచ్చినాడు?"

మా ఆయన అట్లాగే మెట్టు మీద కూలబడ్డాడు. అన్నిటికీ పద్నాలుగో వంతు లెక్క కట్టిన నేను నిమ్మకాయకు కట్టడం మరిచాను. తప్పు నాదే. ఇంట్లోకి పోయి, మండికల్ నుంచి వచ్చే మా బడి టీచరమ్మ ఇచ్చిన ద్రాక్షపండ్లు నాలుగు తెచ్చి చక్రాల కింద పెట్టాను. ఈసారి లారీ కదలగానే నాలుగూ టప్పున చిట్లాయి. మామ ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడు కదిలింది చూడు బండి!" అన్నాడు. ముగ్గురం పిల్లల్లాగా నవ్వుకున్నాం. ఇక ఈ ఇల్లు గట్టెక్కిందనుకున్నాను.

మరునాడు తెల్లారి చూస్తే మామ మంచం ఖాళీ.

మేం రోడ్డెక్కేలోపే ఒక టమోటా లారీ డ్రైవరు మామను చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. పాతికేళ్లు ఉంటాయేమో. రోడ్డు నడుమ చెయ్యెత్తి నిలబడ్డ మామకు మూరెడు దూరంలో బండి ఆపానన్నాడు. "తిట్టబోతినమ్మా. పెద్దాయన దగ్గరికొచ్చి టైరు తట్టి, ముందర ఎడమదాంట్లో గాలి తక్కువుండాది, చూసుకోప్పా అనె. చూస్తే నిజమే. ఇంకేం తిట్టేది?" అన్నాడు. నేను అతనికి కాఫీ ఇచ్చాను.

మధ్యాహ్నానికి నయన చింతామణి నుంచి దిగింది, చేతిలో కొత్త బీగంతో. నేను ఆమె వైపే మాట్లాడాను. మామూలుగా కాదు, వీధంతా వినేలా. "ఎన్ని దినాలు ఆ బొమ్మతో ఆడుకుంటావు? మీ నాయన రోడ్డు మింద పోతే ఆ రిమోటు నొక్కి వెనక్కి తెస్తావా?" అన్నాను. మా ఆయన చెల్లెలి దగ్గరికి నడిచాడు. బీగం తీసుకుని, "రేపటి నుంచి వేస్తాలే" అన్నాడు. ఆ మెత్తదనం నన్ను ఇప్పటికీ కోస్తుంది.

ఆదివారం పొద్దున ఆయన బీగం అట్టపెట్టె చేత పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మామ ఖాకీ చొక్కాతో మెట్లు దిగి వచ్చాడు. గేటు పక్కనే మా లారీ ఎడమకు ఒరిగి ఉంది. మామ ఎందుకో ఆగి, దాని ముందు గొంతుకూర్చున్నాడు. తలుపు తాడును వేళ్లతో తడిమాడు. మూడు మెలికలు తిప్పి కట్టిన ముడి అది, మా ఆయనకే రెండు నిమిషాలు పట్టేది. మామ చూడకుండానే చిటికెలో విప్పాడు. తలుపు తెరిచి, కండ్లద్దాలు పైకి నెట్టి, క్యాబిన్ లోపలికి చూశాడు. డ్రైవరు సీటు వెనక మా ఆయన ఒక బల్లచెక్క బిగించి ఉంచాడు. మామ దాని మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు.

"మేస్త్రీ," అన్నాడు. "బండి నాదే. పిల్లోడు యాడ?"

మా ఆయన బీగం పెట్టె కింద పెట్టాడు.

"ఈడ పండుకోనుంటాడు కదప్పా నా కొడుకు. తల్లి లేని బిడ్డ. యాడ దిగబెడితిని? ఏ ఊర్లో మరిచిపోతిని?" మామ గేటు వైపు, రోడ్డు వైపు చూశాడు. "దినామూ పోయి చూస్తాండా. ఏ బండిలోనూ లేడు."

ఏడాదిగా మామ రోడ్డు మీద వెతుకుతున్నది లారీని కాదని అప్పుడు తెలిసింది మాకు.

"ఇంట్లో ఉండాడు నాయనా," అన్నాడు మా ఆయన ఎట్లాగో. "యాడికీ పోలేదు. తీసుకొస్తా ఉండు."

లోపలికొచ్చి కొళాయి తిప్పి, దాని కింద తల పెట్టి నిలబడిపోయాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, భుజాలు ఎగిరెగిరి పడుతూ ఏడ్చాడు. ఆయన వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, నేను దిండులోంచి దూది లాగాను. ఆయన పాత యూనిఫాం చొక్కా చేతిని కత్తిరించి, జానెడు కూడా లేని ఒక పిల్లవాణ్ణి కుట్టాను. ముఖానికి కండ్లు కుట్టబోతే ఆయన ఆపాడు. "మూసుకోనుండేటట్టు కుట్టు" అన్నాడు.

మామ ఆ బొమ్మను రెండు చేతులతో అందుకున్నాడు. బల్ల మీద, తల డ్రైవరు వైపు వచ్చేలా పడుకోబెట్టాడు. తువ్వాలు కొసను పళ్లతో చింపి కప్పాడు. తలుపు మూసి మూడు మెలికల ముడి వేశాడు. వేసి, లారీ పక్కనే నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"పోదామా నాయనా?" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడొద్దు మేస్త్రీ. పిల్లోడు లేచినాక పోదాం. హోటలమ్మా, ఒక కాఫీ తెస్తావా?"

ఇది జరిగి ఐదు నెలలైంది. బీగం అలమరలో అట్టపెట్టె కూడా విప్పకుండా ఉంది. మామ రోజూ ఖాకీ చొక్కా తొడుక్కుని గేటుదాకా వస్తాడు, వంగి క్యాబిన్‌లోకి చూస్తాడు, కూర్చుంటాడు. మా ఆయన డ్యూటీకి పోయే ముందు ఆయన పక్కన గొంతుకూర్చుని రోజూ ఒకే మాట అడుగుతాడు.

"లేచినాడా?"

"ఇంకా లేదప్పా," అంటాడు మామ, గొంతు తగ్గించి. "నాకు నిద్ర రాకుండా రాత్రంతా కతలు చెప్తా మేలుకోనుండె పాపం. పండుకోనీ."

మా ఆయన లేచి, బైకును స్టార్ట్ చేయకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ పోతాడు, ఆ పిల్లవాడు ఎక్కడ లేస్తాడోనని.