సెట్ అన్న మాటకు నాలుగు పేజీలు

ఈ ఉదయం బీపీ మాత్ర వేసుకుందామని షీటు తీశాను. వేలితో నొక్కకముందే ఒక గడి మీది వెండిరేకు దానంతటదే లేచి, మాత్ర దొర్లుకుంటూ వెళ్లి ఫ్రిజ్ కింద దూరింది. నేను మోకాళ్ల మీద వంగి చీపురుపుల్లతో లాగుతుంటే మా ఆవిడ వెనక నిలబడి, "ఇంకోటి వేసుకోవచ్చు కదండీ, దానికోసం ఇంత తపస్సెందుకు?" అంది. నా తపస్సు మాత్ర కోసం కాదు. ఆ రేకు ఎందుకు అతుక్కోలేదో నాకు తెలుసు. ఎడమపక్క రోలరు ఒరిగి ఉంటుంది. ఈ ఒక్క ముక్క నాకెలా తెలిసిందో చెప్పాలంటే నాచారం దాకా వెళ్లాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి స్టోర్స్ గుమాస్తాను. ఉప్పల్ నుంచి రోజూ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్లేవాణ్ని. నాకు ఫ్రెంచి వచ్చని ఆ ఫ్యాక్టరీలో రెండు వందల మందికి తెలుసు. సరే, రెండు వందలు కాదు, అరవై మంది ఉంటారు. రాదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మాది యానాం అని చెప్పుకునేవాణ్ని. మా తాతగారు ఫ్రెంచి దొరల కోర్టులో ప్లీడరని, మా ఇంట్లో మజ్జిగ అడగాలన్నా ఫ్రెంచిలోనే అడగాలని క్యాంటీనులో కథలు చెప్పేవాణ్ని. నిజానికి మాది గోదావరికి ఇవతలి ఒడ్డు. తాతగారు కొబ్బరికాయల వ్యాపారి. యానాం వెళ్లింది ఓ పన్నెండుసార్లు. అక్కడ సీసా చవకని ఆ చుట్టుపక్కల మగవాళ్లందరికీ తెలుసు, మా ఆవిడ ఇది చదువుతుంది కనుక ఇక్కడితో ఆపుతాను. అక్కడ అంటుకున్న ఫ్రెంచి రెండే మాటలు, బోంజూర్, మెర్సీ. ఆ రెంటితో హైదరాబాదులో పదేళ్లు నెట్టుకొచ్చాను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి ఫ్రెంచి నిఘంటువు ఒకటి నా టేబుల్ మీద ఉండేది. ఎన్నడూ తెరవలేదు గానీ దుమ్ము మాత్రం రోజూ తుడిచేవాణ్ని.

మాత్రలను షీట్లలో పెట్టి పైన రేకు అతికించే మెషీను మాకొకటి ఉండేది. ఫ్రాన్సులో పుట్టి, బొంబాయిలో ముసలిదై, చివరికి మా దగ్గరికి చేరింది. దాని మీద పదకొండు మంది బతికేవారు: ఒక ఆపరేటరు, తొమ్మిది మంది ప్యాకింగ్ ఆడవాళ్లు, ఊడ్చే పెద్దమ్మ. ఆపరేటరు ఉప్పల్ పాత ఊరివాడు. వాళ్ల నాన్న జొన్నలు వేసిన నేలలోనే ఇప్పుడు షెడ్లు లేచాయి. వయసులో నాకంటే చిన్నవాడే అయినా 'అన్నా' అనే పిలిచేవాణ్ని. ఒక సోమవారం ఆ మెషీను ఎడమవైపు వరసలో రేకు అతికించడం మానేసింది. ఈ వారంలో బాగుపడితే సరేననీ, లేకపోతే ప్యాకింగ్ పని బయట కంపెనీకి ఇచ్చి ఆ సెక్షను మూసేస్తాననీ యజమాని కబురు పంపాడు.

ఆపరేటరు మెషీను చుట్టూ ఒకసారి తిరిగి, రేకును నొక్కే రోలరు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "సార్, ఎడమ దిక్కు ఇరుసు బుష్ అరిగింది. రోలర్ జర ఒరిగింది. ఇప్పి సన్న రేకు ముక్క పెడితే పట్టుకుంటది" అన్నాడు మేనేజరుతో. మేనేజరు ఒప్పుకునేవాడేమో. కానీ మెషీనుతో వచ్చిన పుస్తకం ఆయన చేతిలో ఉంది, అందులో ఉన్నదంతా ఫ్రెంచి. "మన యానాం గారు ఉండగా గుడ్డిగా విప్పడమెందుకు? పుస్తకం ఏమంటుందో చూశాకే ముట్టుకోండి" అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. రాదండీ అన్న మాట ఎంత? పెదవిదాకా వచ్చింది కూడా. బయటికి మాత్రం "రెండు రోజులివ్వండి" అని వచ్చింది.

ఆ సాయంత్రం నిఘంటువును ఇంటికి మోసుకెళ్లి మొదటిసారి తెరిచాను. అది ఇంగ్లీషు నుంచి ఫ్రెంచికి మాత్రమే. ఫ్రెంచి మాట చూసి అర్థం వెతుక్కునే దారి అందులో లేదు. అర్థమేమిటో ముందు నేనే ఊహించి, ఆ ఇంగ్లీషు మాట కింద ఉన్న ఫ్రెంచి మాటలన్నీ చదివి, వాటిలో ఏదైనా మెషీను పుస్తకంలో కనపడుతుందేమో చూడాలి. మెషీనుకు కావలసింది సెట్టింగే కదా అని 'సెట్' దగ్గర మొదలుపెట్టాను. ఆ ఒక్క మాటకు నాలుగు పేజీలు. గ్లాసు బల్ల మీద పెడితే పోజే అట. అదే బల్లను భోజనానికి సర్దితే ఇంకో మాట. విరిగిన ఎముకకు ఒకటి, గడియారానికి మరొకటి. సిమెంటు గట్టిపడితే ప్రాంద్ర్, ఆ మాటే 'టేక్' కింద కూడా కనిపించి నన్ను మళ్లీ అయోమయంలో పడేసింది. సూర్యుడు అస్తమించినా, మనిషి పక్క మీద వాలినా వాళ్లకు ఒకటే మాట. గిన్నెల సెట్టు వేరు, టీవీ సెట్టు వేరు, సినిమా సెట్టు వేరు. వీటినిలా పలకాలని ఎన్నో ఏళ్ల తర్వాత ఒకాయన చెప్పాడు. అప్పట్లో కనపడిన అక్షరాన్నల్లా గట్టిగా చదివేవాణ్ని. మా ఆవిడ కూర తరుగుతూ విని, "రాదని చెప్పెయ్యండి, ఏం కొంపలు మునుగుతాయి?" అంది. "పరువు పోతుందే" అన్నాను. "మీ పరువు సరే, ఆ ఆడవాళ్ల సంగతో?" అంది. నేను పేజీ తిప్పాను.

ఆ తొమ్మిది మందీ ఆగిన మెషీను ముందు స్టూళ్ల మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. నేను అటు వెళ్తే చాలు, "సారూ, బుక్కుల ఏమన్న దొరికిందా?" అని అడిగేవారు. ఒకామె నా బుర్రకు బలమని కొంగున ముడేసి నానబెట్టిన బాదంపప్పులు తెచ్చింది. తిన్నాను. బుధవారం ఒక మాట దొరికింది. గడియారాన్ని సరిచేసే 'సెట్' కింద ఉన్న రెగ్లే అన్న మాట లాంటిది మెషీను పుస్తకంలో ఒక పేజీ నెత్తిన పెద్దక్షరాల్లో ఉంది. మెషీనును సరిచేసే పేజీ ఇదేనని తేలింది. ఎలా సరిచేయాలో చెప్పే మిగతా పేజీ అంతా ఫ్రెంచి. గురువారం మేనేజరు వచ్చి, శనివారానికి అవుతుందా అని అడిగాడు. "లోతైన పుస్తకమండీ, ఇంకో వారం పడుతుంది" అన్నాను.

శనివారం ఉదయం నేనే ఆపరేటర్ని పక్కకు పిలిచి, చేతులు పట్టుకుని నిజం ఒప్పుకున్నాను. ఇన్నేళ్లూ నాకు నేను ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను. జరిగింది వేరు. అతనే వచ్చి, పుస్తకంలో రోలరు బొమ్మ మీద వేలుపెట్టి, "సారూ, గీ ఏడో నంబరు దగ్గర ఏం రాసిండ్రు?" అన్నాడు. ముట్టుకోవద్దని రాశారన్నాను. "నిన్న తొమ్మిదో నంబరుకు గూడ గదే అన్నవు. మొన్న మూడుకు గదే. అన్నింటికి ముట్టొద్దనే రాసిండ్రా ఫ్రాన్సోళ్లు?" అని నా మొహంలోకి చూశాడు. "నీకు ఫ్రెంచి వస్తదా, రాదా? నిజం చెప్పు."

"రాదన్నా."

తిడతాడనుకున్నాను. పానా తీసుకుని మెషీను విప్పాడు. ఇత్తడి రేకు కత్తిరించి బుష్ కింద దూర్చి మళ్లీ బిగించాడు. నలభై నిమిషాలు పట్టింది. మెషీను తిరిగింది, రేకు అంచు నుంచి అంచుకు అతుక్కుని వచ్చింది, ఆడవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. నేను మేనేజరు గదికి పరుగెత్తాను. ఆయన తల ఎత్తకుండా, "నిన్న సాయంత్రమే బయట కంపెనీతో సంతకాలైపోయాయి. ఇంకో వారం అన్నది మీరే కదా, అదే యజమానికి చెప్పాను" అన్నాడు. ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. నాకు ఫ్రెంచి రాదండీ, తప్పంతా నాది అన్నాను. "ఇప్పుడెందుకండీ ఆ మాట?" అన్నాడు.

నెలాఖరుకు పదకొండు మందీ వెళ్లిపోయారు. నా కుర్చీ నాకు మిగిలింది. ఏమైందని ఆడవాళ్లు అడిగితే ఆపరేటరు, "మిషన్ ముసల్దైంది, ఏం జేస్తం" అని ఊరుకున్నాడు. గేటు దగ్గర ఆపి, నా పేరెందుకు చెప్పలేదన్నా అని అడిగాను. "చెప్తే ఆళ్లకు నౌకర్లొస్తయా సారూ? నిన్ను మస్తు నమ్మిన్రు. గదన్న ఉండనీ" అని బండి స్టార్ట్ చేశాడు.

ఆ తర్వాత ఎన్ని ఏళ్లు గడిచాయో, రాష్ట్రమే వేరైంది. నాచారంలో గడిపిన కాలమంతా నా బుర్రలో కలగాపులగమైపోయింది, ఏది ముందో ఏది వెనకో చెప్పలేను. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఆరు రోజులు మాత్రం ఎవరి వరసలో వాళ్లు నిలబడ్డట్టు విడివిడిగా ఉన్నాయి, ఒక్కటీ వెళ్లిపోలేదు.