ఒకే కన్ను, వేరు వేరు పేర్లు

గ్యాస్ కట్టేశానని ఇంట్లో ఎవరు చెప్పినా సుశీల లేచి వెళ్లి ఒకసారి తిప్పి చూసుకుంటుంది. రైల్వేలో పనిచేసే భర్త ఫ్రాన్సిస్, “దేవుడు ఎదురొచ్చినా నువ్వు ఐడీ కార్డు అడుగుతవ్” అని నవ్వుతాడు. ఆమె నవ్వదు. ఆమెది అంత తేలిగ్గా నమ్మే మనసు కాదు.

కాజీపేట నుంచి రోజూ హనుమకొండ వెళ్లి, ఒక ప్రైవేటు కంటి దవాఖానలో కంప్యూటర్ గది చూసుకుంటుంది. పెళ్లికాకముందు చేరిన ఉద్యోగం. అక్కడ బీరువా అంత పెద్ద పాత సర్వర్ ఉండేది. రోగుల కంటి ఫొటోలన్నీ ఒకప్పుడు సీడీల్లో దాచేవారు. అవి గీతలు పడి పాడవుతుంటే, ఒక్కో సీడీని ఉన్నదున్నట్టు ఒక్కో ఫైలుగా మార్చి సర్వర్‌లో ఎక్కించారు. ఆ ఫైళ్లనే డిస్క్‌లనేవారు. చేతికి అందే సీడీ ఉండదు గానీ, మెషీన్ మాత్రం లోపల సీడీ ఉందనుకునే చదువుతుంది. ఆ పనంతా సుశీలే దగ్గరుండి చేయించింది.

ఈ మధ్య కొత్త సర్వర్ వచ్చింది. పాతదాంట్లోని డిస్క్ ఫైళ్లన్నీ బ్యాకప్ తీసి కొత్తదానికి మార్చేందుకు ఒక కంపెనీ శ్రీకాంత్ అనే అతన్ని పంపింది. తొర్రూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. మొదట్లో గలగలా మాట్లాడాడు. తర్వాత గది తలుపు దగ్గరికి వేసుకోవడం మొదలుపెట్టాడు. సుశీల లోపలికి వస్తే ఫోన్‌లో మాట సగంలో ఆపేవాడు. స్క్రీన్ మీద ఏదో మూసేసేవాడు.

ఆమెకు అనుమానం మొదలైంది. రోగుల ఫొటోలు, పేర్లు, ఫోన్ నంబర్లు ఎవరికైనా పనికొచ్చే సరుకే. వెళ్లేటప్పుడు అతని బ్యాగ్ చూడమని సెక్యూరిటీ అనిల్‌కు చెప్పింది. ఛార్జరు, టిఫిన్ డబ్బా తప్ప ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. దొంగతనం చేసేవాడు ఈ రోజుల్లో బ్యాగులో మోసుకుపోతాడా?

మేనేజర్ సదానందంతో చెప్పింది.

“సార్, నాకెందుకో ఆయన మీద డౌటుంది. మన ఫొటోలు బయటికి పంపుతాండేమో.”

“నీకు ఎవల మీద డౌటు లేదో చెప్పు సుశీలమ్మా! ఫైళ్ల లెక్క సరిపోయింది, పేర్లు సరిపోయినయ్. పాత మెషీన్ ఖాళీ చేపియ్యి, కంపెనీవాళ్లు తీస్కపోతరు.”

“జర ఒక్కటన్న తెరిచి చూపియ్యమనండి.”

శ్రీకాంత్ కొత్త సర్వర్‌లో ఒక డిస్క్ తెరిచాడు. వెంకట్రాజం అనే రోగి కంటి ఫొటో శుభ్రంగా కనిపించింది. సదానందం తృప్తిగా తలూపాడు. ఇంకొకటి తెరవమంది సుశీల.

“అన్నీ గట్లనే ఉంటయ్ అక్కా.”

అప్పటిదాకా మేడమ్ అన్నవాడు అక్కా అనడం ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుంది. పాత సర్వర్ చెరపాలంటే ఆమె పాస్‌వర్డ్ కావాలి. ఏదో పని ఉందని చెప్పి ఇవ్వకుండా వచ్చేసింది.

మర్నాడు ధర్మసాగర్ నుంచి కట్టమ్మ అనే పెద్దావిడ చూపించుకోవడానికి వచ్చింది. డాక్టర్ ప్రేమలతకు ఆమె కంటి వెనక నల్లమచ్చ కనిపించింది. పాతదైతే ఫికర్ లేదు, కొత్తదైతే ఆపరేషన్ చేయాలి. కొన్నేళ్ల కింద కట్టమ్మ ఇక్కడికే వచ్చినప్పుడు తీసిన ఫొటో తెమ్మంది.

సుశీల కొత్త సర్వర్‌లో ఆ ఏడాది డిస్క్ తెరిచింది. కట్టమ్మ లేదు. వెంకట్రాజం ఉన్నాడు. పొరపాటేమోనని పక్క ఏడాదిది తెరిచింది. మళ్లీ వెంకట్రాజం. ఇంకొకటి తెరిచింది. అతనే. పేర్లు వేరు, లోపల ఒకటే డిస్క్.

పాత సర్వర్ దగ్గరికి పరుగెత్తింది. అసలు డిస్క్ మధ్యమధ్యలో ఆగుతూ, సతాయిస్తూ, చివరికి తెరుచుకుంది. కట్టమ్మ కన్ను, దాంట్లో అదే మచ్చ.

“పాతదే. ఆపరేషన్ అక్కర్లేదు” అంది ప్రేమలత.

“గిదానికి గింతసేపా బిడ్డా? నా బస్సు పోతది” అని విసుక్కుంటూ లేచింది కట్టమ్మ.

సుశీల శ్రీకాంత్‌ను కూర్చోబెట్టి మూడు డిస్క్‌లూ తెరిచి చూపించింది. అతను మౌస్ పక్కకు నెట్టాడు.

“పాత మెషీన్ అరిగింది అక్కా. కొన్ని ఫైళ్లు కాపీ సగంలనే ఆగిపోతానయ్. ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఎట్లన్న చేసి ముగించుమన్నరు. మంచిగున్న ఫైలునే మిగిలిన పేర్ల మీద పెట్టిన. తర్వాత సరిచేద్దామనుకున్న.”

“తర్వాతనా? పాతది చెరిపినంకనా?”

ఇన్నాళ్లూ ఆమె దొంగ కోసం చూసింది. ఎదురుగా ఉన్నది భయపడ్డ మనిషి. ఈ రెంటిలో ఏది ఎక్కువ ప్రమాదమో ఆమెకు తేలలేదు.

“సారుకు నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడ్త.”

చెప్పాడు. సదానందం కేకలేశాడు, కానీ పని మాత్రం అతని చేతే చేయించాడు. మొండికేసిన ఫైళ్లను చిన్న ముక్కలుగా, ఆగినచోటల్లా మళ్లీ మొదలుపెట్టి మార్చారు. ప్రతి డిస్కునూ ఇద్దరూ కలిసి తెరిచి, లోపల ఎవరి కళ్లున్నాయో చూశారు. కొన్ని ఎంత చేసినా రాలేదు. ఆ రోగులు మళ్లీ వచ్చినప్పుడు ఫొటోలు కొత్తగా తీయాలని నిర్ణయించారు. ఆ తర్వాతే సుశీల పాస్‌వర్డ్ కొట్టింది.

శ్రీకాంత్ పని ఎట్లా చేశాడని కంపెనీ ఆమెకు ఫోన్ చేసి అడిగింది. మోసం చేశాడనీ, ఆ మోసాన్ని తిండి మానేసి కూర్చుని సరిచేశాడనీ, ముగించమని తొందరపెట్టింది మీరేననీ చెప్పింది. సాయంత్రం అతనే ఫోన్ చేశాడు.

“అట్ల చెప్పినవేంది అక్కా? మంచిదన్న చెప్పాలె, చెడ్డదన్న చెప్పాలె.”

“రెండూ నిజమే గద తమ్మీ” అంది సుశీల.