నంబరు బోర్డు లేని బండి

బస్సు డిపో గేటు పక్క గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి తిరిగొచ్చింది రాయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. డ్రైవర్లంతా టైమక్క అని పిలుస్తారు. టైమక్కది మరీ మెత్తటి మనసు. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడు కిటికీ దగ్గర బిక్కమొహం వేస్తే చాలు, ఇట్టే కరిగిపోయి పుస్తకంలో సరైన టైమే వేసేస్తుంది.

"ఈసారికి వదిలేస్తున్నా. మళ్లీ ఇలా వచ్చావంటే ఊరుకోను" అంటుంది. ఆ 'ఈసారి' ఇరవై రెండేళ్లుగా నడుస్తూనే ఉంది.

ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే, చుక్కలాంటిదొకటి ఆకాశంలో చక్కగా నడిచిపోవడం ఆవిడ కంటబడింది. అది ఉపగ్రహమనీ, దానికీ ఒక టైమ్‌టేబుల్ ఉంటుందనీ తెలిశాక ఇక ఆగుతుందా? అలాంటివాటిని చూసి టైము రాసి పంపేవాళ్లు రకరకాల దేశాల్లో కలిపి నలభై మంది దాకా ఉన్నారు. రిటైరైన ప్రొఫెసరుగారొకరు వాళ్లకి పెద్ద. టైమక్క నలభై ఒకటో మనిషిగా చేరిపోయింది. కళ్లజోళ్ల షాపు నడిపే భర్త బైనాక్యులర్స్ తెచ్చిపెట్టి, కుర్చీ మోసే డ్యూటీ కూడా తనే వేసుకున్నాడు.

ఈమధ్య ఒక సాయంత్రం, జాబితాలో లేనిది ఒకటి మిణుకుమిణుకుమంటూ వెళ్లింది.

"ఏమండీ, నంబరు బోర్డు లేని బండి ఒకటి పోతోంది."

"ఆపి అడక్కపోయావా?" అన్నాడాయన.

అదేమిటో ప్రొఫెసరుగారికీ అంతుపట్టలేదు. వరసగా నాలుగు రోజులు ఆవిడ చూసిన టైములతో లెక్కలు కట్టి, రాబోయే రోజుల్లో అది ఎప్పుడెప్పుడు వస్తుందో అందరికీ పంపారు. ఇంకో మూడు సాయంత్రాలు ఆవిడ దాన్ని పట్టిస్తే దారి గట్టిగా తేలుతుందన్నారు.

ఆవిడ పొరపాటు అక్కడే జరిగింది. మొదటి సాయంత్రం అది ఆయన లెక్కలో ఉన్నదానికంటే తొమ్మిది సెకన్లు ముందొచ్చింది. పాపం, తొమ్మిది సెకన్లకేముందిలే అనుకుని, చెయ్యి అలవాటు కొద్దీ 'సరైన టైమే' అని రాసేసింది. రెండో రోజు ఇరవై సెకన్లు. అదీ సర్దేసింది. మూడో రోజు ముప్ఫై నాలుగు. నిన్నటిదాకా సరిగ్గా వచ్చిందని రాసి, ఇవాళ ఇలా రాస్తే నవ్వుతారని మళ్లీ సర్దేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు.

"పడమటి దేశాలవాళ్లు మీ టైము నమ్ముకుని మూడు రోజులు దుర్భిణీలు బిగించి కాపు కాశారు మేడం. సెకన్లు తేడా వచ్చినా వాటికి చిక్కదు కదా. ఒక్కరికీ కనబడలేదు. మీరు చూసింది ఏదో విమానమంటున్నారు. ఇవాళ కూడా దొరక్కపోతే వదిలేద్దాం. మీ టైములేమో మరి చాలా కచ్చితంగా ఉన్నాయి."

ఆ 'కచ్చితంగా' అన్న మాట ఆవిడకి ములుకులా గుచ్చుకుంది. భర్తకి ఉన్నదంతా చెప్పింది.

"ఫోన్ చేసి చెప్పెయ్యి" అన్నాడాయన.

"చెబితే ఆరేళ్లవీ ఇలాగే రాశాననుకోరూ? ఇక నా మాటెవరు నమ్ముతారు?"

"చెప్పకపోతే అది ఎవరికీ దొరక్కుండా పోతుంది. నువ్వే కదా దాన్ని చూసింది."

ఆవిడ గుండె రాయి చేసుకుని ఫోన్ చేసింది. "నేను రాసింది నిజం కాదండీ. తొమ్మిది, ఇరవై, ముప్ఫై నాలుగు. అన్నేసి సెకన్లు ముందే వచ్చింది." పుస్తకంలోకి ఎక్కకపోయినా అసలు టైము మాత్రం ఆవిడ బుర్రలోంచి ఎన్నడూ పోదు.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "రోజురోజుకీ ముందొస్తోందంటే కిందికి దిగిపోతోందన్నమాట" అన్నారాయన చివరికి. "సంతోషం మేడం. కానీ మీ ఆరేళ్ల టైములూ పక్కన పెట్టక తప్పదు."

తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రమే పడమటివైపు ముగ్గురికి అది కనబడింది. తర్వాత పది రోజులూ టైమక్క ఉన్నది ఉన్నట్టు రాసి పంపింది. ఆవిడ పంపిన ప్రతి టైమునీ ఇంకొకరి టైముతో సరిచూశాకే ప్రొఫెసరుగారు వాడుకునేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ రోజూ డాబా ఎక్కింది.

పదకొండో రోజు ఆయన అందరికీ కబురు పెట్టారు. ఇవాళో రేపో అది గాలిలోకి దిగి కాలిపోతుంది, ఈ సాయంత్రం అందరికంటే ముందు మేడం ఆకాశం మీదుగానే రావాలి అని.

టైమక్క కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. టైము దాటింది. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది.

"నువ్వు రెప్ప వేసినప్పుడు పోయిందేమో" అన్నాడు భర్త, జాలిగా.

అలా రాయాలనే ఆవిడకీ ఉంది. మబ్బు పట్టిందనో, లీలగా కనబడిందనో రాసి, ఇంకొక్క రోజు దాన్ని బతికించుకోవాలని చెయ్యి తహతహలాడింది. కానీ 'రాలేదు' అని మాత్రమే రాసి పంపింది. ఇరవై రెండేళ్లలో ఏ బండికీ ఆ మాట రాసి ఎరగదు.

ఈసారి ఆయన ఇంకొకరితో సరిచూడనే లేదు. నిమిషం తిరక్కుండా నలభై మందికీ ప్రొఫెసరుగారి సందేశం వెళ్లింది: "అది రాలేదని మేడం అన్నారు. ఇక ఎవరూ డాబా ఎక్కక్కర్లేదు."

అది ఏమిటో ఎవరికీ తేలనే లేదు. టైమక్క సందేశంలోని ఆ రెండు ముక్కలూ భర్త చేత కూడా చదివించుకుని, కుర్చీలో కూలబడి, హాయిగా ఏడ్చింది.