మూసలో పడ్డ జర్మనీ రింగు

మా నాన్నది రాజమండ్రిలో వెండి పని. నేను ఏడో తరగతితో చదువు ఆపేసి కొట్లోనే కూర్చునేదాన్ని. నాకు నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. నల్లబడ్డ పట్టీలు వస్తే చింతపండు నీళ్లలో ఉడకబెట్టి, కుంకుడు నురగతో రుద్ది, అరిగిన రింగులు మార్చడం నా పని. తీసేసిన పాత రింగులు మూసలో పడేవి. నాన్న వారానికోసారి అవి కరిగించేవారు.

ఒక గురువారం ధవళేశ్వరం నుంచి ఒక తాతగారు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బలు తగిలినవాళ్లని స్ట్రెచర్ మీద మోసిన మనిషి. జేబురుమాలు విప్పి ఒక పతకం బల్లమీద పెట్టారు. నాలుగు రెక్కల శిలువ. మధ్యలో నలుపు, చుట్టూ సన్నటి వెండి అంచు, పైన చిన్న రింగు.

“ఓ జర్మనీ ముసలాయన నా చేతిలో పెట్టాడమ్మా. ఖైదీగా దొరికాడు, కాలు పోయింది. నేనే మోశాను. అంతకుముందు యుద్ధంలో వాళ్ల రాజు ఇచ్చిందంట. మా టీకొట్టు దగ్గర ఒక్కడూ నమ్మడు. ‘తుని సంతలో ఎంతకి కొన్నావు తాతా’ అంటారు. మీ నాన్నగారికి తెలిసిన మాస్టారు చూసి, ఇది అసలుదేనని ఓ కాగితం రాసిస్తే చాలు.”

ఆ మాస్టారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. పాత నాణేలు, పతకాలు పోగుచేస్తారు. ఆదివారం వస్తానన్నారు. తాతగారు పతకం మా దగ్గరే ఉంచి వెళ్లారు.

నాకు ఆయన మీద జాలేసింది. మాస్టారు చూసేసరికి అది తళతళలాడాలనుకున్నాను. వెండి నల్లబడటం రోజూ చూసేదే కదా, ఈ నలుపూ అదేననుకుని ఉడకబెట్టి రుద్దాను. పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. అడుగున ఉత్త ఇనుము. రింగు అరిగి దారంలా ఉంటే కోసేశాను. దానిమీద రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. కె, ఓ. అక్షరాలైతే ఏంటిలే అనుకుని మూసలో పడేసి కొత్త రింగు వేశాను. శనివారం నాన్న మూస కరిగించారు.

ఆదివారం తాతగారూ వచ్చారు. మాస్టారు భూతద్దం, అయస్కాంతం తెచ్చారు.

“మధ్యలో ఇనుమే, అంటుకుంటోంది. అంచు రెండు రేకులుగా చేసి అతికారు. బాగానే ఉంది. కానీ నకిలీవాళ్లూ ఇలాగే చేస్తారండి. దీనికి నల్లరంగు ఉండాలి, అది లేదు. రింగు మీద తయారుచేసినవాళ్ల ముద్ర ఉండాలి. ఈ రింగు కొత్తది. ఎవరు మార్చారు?”

నాన్న నా వైపు చూశారు. “ఏంటే, నువ్వా?”

“కాదు నాన్నా. అలాగే వచ్చింది.”

“నాకు శుక్లాలండి,” అన్నారు తాతగారు. “రింగు సంగతి నేనేం చెప్పగలను?”

మాస్టారు పుస్తకం తెరిచి ముద్రల పేజీ చూపించారు. మూడో వరసలో ఉన్నాయి, కె, ఓ. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

“ముద్ర లేకుండా రాయలేనండి,” అన్నారు మాస్టారు.

“పోనీలెండి,” అని తాతగారు పతకం రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయారు.

ఎనిమిది రోజులకి ఆగలేక నాన్నతో చెప్పాను. ఆయన తల పట్టుకుని నన్ను మాస్టారి దగ్గరికి తీసుకెళ్లారు. “నేను చూసింది రాస్తాను గానీ, విన్నది ఎలా రాయనమ్మా?” అన్నారు మాస్టారు.

మర్నాడు బస్సెక్కి ధవళేశ్వరం వెళ్లాను. తాతగారు టీకొట్టు దగ్గరే ఉన్నారు, చుట్టూ నలుగురైదుగురు. అందరి ముందూ చెప్పేశాను. రంగు గీకింది నేనే, రింగు కరిగిపోయింది, దానిమీద ముద్ర నా కళ్లతో చూశానని.

ఒకాయన గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు. “బాగా నేర్పి రప్పించావు తాతా. మనవరాలా?”

అందరూ నవ్వారు. నేను ఒట్టు వేస్తే ఇంకా నవ్వారు.

తాతగారు లేచి నన్ను బస్సు దాకా దిగబెట్టారు. దారిలో తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఇంకెక్కడా చెప్పకమ్మా,” అన్నారు. “పెళ్లి కావలసిన పిల్లవి. నిన్ను కూడా అబద్ధాలకోరంటారు.”