వజ్రకరూరు గుట్ట మీద ఎగిరిన నా గ్లైడర్

మా జూనియర్ కాలేజీలో పిల్లలు నాకు పెట్టిన పేరు రాళ్ల మేడమ్. రెక్క మీద గాలి ఎలా పనిచేస్తుందో చూపిద్దామని థర్మాకోల్‌తో గ్లైడర్ చేసి, తోక తిప్పడానికి చిన్న రిమోట్ పెట్టి, అనంతపురంలో కాలేజీ మైదానంలో విసిరితే మూడుసార్లూ రాయిలా పడింది. పిల్లలు పడీపడీ నవ్వారు. సోమవారానికల్లా అది ఎగిరే వీడియో తెస్తాను, తేలేకపోతే ఆ పేరే ఖాయం చేసుకోండి అని పంతం పట్టాను. మైదానంలో గాలి లేదు. గాలి కావాలంటే గాలిమరలున్న చోటికే పోవాలి.

ఆదివారం పొద్దున్నే ఉరవకొండ బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. ఒళ్లో ఉన్న గ్లైడర్‌ను చూసి కండక్టర్ మాత్రం "దీనికి కొట్టాల్నా టికెట్టు?" అని ఆటపట్టించాడు. ఉరవకొండలో నలభై రూపాయలకు ఉగ్గాణి, బజ్జీ తిని, వజ్రకరూరు దారిలోని గుట్టల దాకా రానుపోను ఆరువందలకు ఓబులేసు అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను.

"ఏమక్కా, దీనికి ఇంజనే లేదే. ఎట్ల ఎగుర్తాది?" అన్నాడు ఓబులేసు.

ఆటో వేగం అందుకోగానే పైనున్న రెక్సిన్ టాపు పూరీలా ఉబ్బింది. "అదెందుకు ఉబ్బిందన్నా?" అని అడిగాను. "గాలికి" అన్నాడు. టాపు మీదుగా జోరుగా పోయే గాలికి ఒత్తిడి తగ్గుతుందని, లోపలి గాలి దాన్ని పైకి నెడుతుందని, రెక్క మీదా అదే జరుగుతుందని చెప్పాను. పైగా రెక్క తన దగ్గరికొచ్చిన గాలిని కిందికి మళ్లిస్తుంది, అందుకు బదులుగా గాలి రెక్కను పైకెత్తుతుంది. ఓబులేసు టాపు వంక ఒకసారి చూసి, "చూస్తాం లే అక్కా" అన్నాడు.

గుట్టెక్కేసరికి తొమ్మిదిన్నర. పడమటి నుంచి ఆషాఢం గాలి చెంపలు వాయిస్తోంది. తోకను తిప్పే రిమోట్ నా చేతుల్లో ఉంది కాబట్టి ఓబులేసే విసరాలి. ఆయన చక్కగా గాలికి వీపు పెట్టి, బలంకొద్దీ విసిరాడు. గ్లైడర్ ముక్కు కిందికేసి ముళ్లకంపలో పడింది.

"అయ్యో అక్కా! శనక్కాయలు తూర్పారబట్టేటప్పుడు గాలికి ఎదురు ఇసిరితే పొట్టంతా కండ్లలో పడ్తాది. అలవాటుకు చెయ్యి అట్లనే పాయె" అని ఓబులేసు తల పట్టుకున్నాడు.

రెక్క చివర విరిగింది. ఉన్న టేపంతా దానికే అయిపోయింది. ఇంకోసారి పడితే ఇంటికి పోవడమే. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"గాలిని వెనక పెట్టుకుంటే రెక్క మీద గాలి సరిగ్గా పారదన్నా. ముక్కు గాలికేసి పెట్టు. కొంచెమే పైకెత్తు, మరీ ఎత్తితే రెక్క పట్టు తప్పి పడిపోతుంది. విసరగానే ఫోన్ తీసి వీడియో పట్టు" అన్నాను. గాలిలో దీపం పెట్టి దేవుడా అన్నట్టుంది నా పని.

ఈసారి ఎదురుగాలికి విసిరాడు. గ్లైడర్ ఒక్క క్షణం తడబడి, లేచింది! వాలుకు తగిలి పైకి మళ్లిన గాలి దాన్ని మా తలల మీదుగా మోసుకుపోయింది. తోక తిప్పితే తిరిగింది, మళ్లీ మా మీదికొచ్చింది. కింద మేకలు తోలుకుపోతున్న ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. "ఎగిర్నాదక్కా! ఇంజను లేకుండానే ఎగిర్నాది!" అని ఓబులేసు ఒకటే గెంతులు. నేనూ తక్కువేం అరవలేదు.

ఆ వీడియోలో సగం ఓబులేసు చెప్పులే ఉన్నాయి. మిగతా సగంలో మాత్రం నా గ్లైడర్ ఆకాశంలో నిలబడి ఉంది. సోమవారం క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. అయిపోగానే "మళ్లీ పెట్టండి మేడమ్" అన్నారు. నాలుగుసార్లు పెట్టాను. ఇన్నేళ్లుగా బోర్డు మీద బాణాలు గీసి చెప్పిన పాఠాన్ని ఆ గుట్ట మీదే మొదటిసారి కళ్లారా చూశాను, ఆ గర్వం దాచుకోను. మీరూ వెళ్తే ఒక్క జాగ్రత్త. గ్లైడర్ విసిరేవాళ్లు ఎప్పుడైనా శనక్కాయలు తూర్పారబట్టారేమో ముందే అడగండి. పట్టామంటే, భుజాలు పట్టుకుని గాలికేసి తిప్పి నిలబెట్టండి.